తళవాయిపురం బస్సుకు తాటిచెట్టు

కల్యాణసుందరి అత్తగారు కనకమ్మకు లోకంలో తప్పు పట్టలేని వస్తువు ఒక్కటీ లేదు. చదవలేనివి మాత్రం చాలా ఉన్నాయి. ఈ రెండో సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గాని ఎవరూ నోరెత్తరు. చేతికి కాగితమిస్తే, "అద్దాలు ఏడనో పెట్టినాను" అంటుంది. ఆవిడకు అద్దాలే లేవు.

మూడేళ్ల కిందట తళవాయిపురంలో ఉన్న కూతురు ధనాన్ని చూడబోయి, ఏ బస్సని ఎవరినీ అడగడం ఇష్టంలేక, పక్కనున్న సత్రపట్టి బస్సెక్కింది. సాయంత్రం తిరిగొచ్చి, "ఆడ వంకాయలు లేతగా ఉంటాయని పోయినాను" అంది. వంకాయలు తేలేదు. అప్పటినుంచి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదు.

ఇప్పుడు, పందొమ్మిది వందల అరవై అయిదులో, ధనానికి మూడో కానుపు దగ్గరపడింది. మంచం దిగొద్దంది డాక్టరమ్మ. కనకమ్మ కొడుక్కి మిల్లులో షిఫ్టు. కోడలు తోడొస్తానంటే, "నువ్వు వస్తే ఇక్కడ వండేది ఎవురు?" అని వీధి వైపు చూస్తూ కూర్చుంది. కల్యాణసుందరి బి.ఏ. చదివింది గాని, ఆ చూపుకు జవాబు ఆ పుస్తకాల్లో లేదు.

జవాబు టోక్యోనుంచి వచ్చింది. స్పిన్నింగ్ మెషిన్ల పని నేర్చుకోవడానికి జపాన్ వెళ్లిన కల్యాణసుందరి తమ్ముడు సీతారామన్, అక్కడ ఒలింపిక్స్ కూడా చూసి, ఒక బొమ్మల కాగితం పట్టుకొచ్చాడు.

"ఆటలు జరిగిన చోటంతా ఇవే అక్కా. భాష రానోళ్లు దారి తప్పకుండా గీసినారు."

కనకమ్మ ఆ కాగితం లాక్కుంది. అద్దాల మాట ఎత్తలేదు. "ఇది టెలిఫోను. ఇది ఆడోళ్ల కక్కూసు. వీణ్ణి సూడు, కన్నూ ముక్కూ లేదు, అయినా ఎట్ల పరిగెత్తుతా ఉన్నాడో!"

ఆవిడ ఒక కాగితాన్ని చివరిదాకా చదవడం కల్యాణసుందరి అప్పుడే మొదటిసారి చూసింది. మర్నాడే బస్సుల యజమాని, తనకు పెదనాన్న వరసైన పద్మనాభన్ దగ్గరికి వెళ్లి, "బస్సుల ముందర ఊరికొక బొమ్మ వేయించండి పెదనాన్నా, టోక్యోలో అంతా అట్లనే" అంది. అక్కడ బస్సులమీద బొమ్మలున్నాయో లేదో ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు కాబట్టి ఒప్పుకున్నాడు.

పెయింటర్ పొన్‌రాజ్ రేకుమీద వేసి తెచ్చాడు: తాటితోపు, నిండు చంద్రుడు, నెమలి, కడవ పట్టిన అమ్మాయి, మూలన తన పేరు.

"తళవాయిపురానికి ఇది బాగుందా అత్తా?" అంది కల్యాణసుందరి.

కనకమ్మ వీధి అవతలికి పోయి నిలబడింది. "ఏం తెలీలేదు. నెమలిని తీసెయ్యి."

"అమ్మా, దానికి రెండు దినాలు పట్టింది!" అన్నాడు పొన్‌రాజ్.

"ఎగిరిపోయిందనుకో. చంద్రుడేమిటికి, పగలు పోయే బస్సుకు? ఆ పిల్ల ఎవురు, నీ పెండ్లామా? దింపు."

నాలుగు రోజుల్లో పొన్‌రాజ్ పేరుతో సహా అన్నీ పోయి ఒక్క తాటిచెట్టు మిగిలింది. సత్రపట్టి బస్సుకు రైతూ నాగలీ పోయి రెండు ఎద్దుకొమ్ములు మిగిలాయి. పన్నెండేళ్లుగా తన సాంబారుమీద పనిచేసిన నోటికి ఇన్నాళ్లకు తగిన ఉద్యోగం దొరికిందని కల్యాణసుందరి మనసులోనే టోక్యోకు దండం పెట్టింది.

శుక్రవారం ఆమె బస్టాండులో పూలకొట్టు వెనక దాక్కుంది. కనకమ్మ దూరాన ఆగి, కొమ్ములను చూసింది, చెట్టును చూసింది. ఎవరినీ అడగకుండా నడిచి వెళ్లి, చెట్టు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కల్యాణసుందరి అవసరం లేకపోయినా నాలుగు మూరల మల్లెపూలు కొంది.

రాత్రి కనకమ్మ తిరిగొచ్చాక అందరూ భోజనానికి కూర్చున్నారు.

"ధనం బాగుంది. నన్ను సూసి ఏడ్చింది, పిచ్చిది. సీతారామా, ఆ జపాను బొమ్మలు వేసింది ఎవురు?"

"శానామంది కూడి వేసినారంట అత్తా."

"వాళ్లల్లో ఎవురో ఒకని తల్లికి సదువు వచ్చి ఉండదు. బాగుండాల వాళ్లు." కోడలి వైపు తిరిగి, "కల్యాణీ, పొన్‌రాజ్‌ను వాని పేరు వేసుకోమను."

"మీరే కదా అత్తా చెరిపించినారు?"

"చెట్టుకింద వేసుకోనీ. నాకు సదువు రాదు కదా, నాకేం అడ్డం?"

కొడుకు చెయ్యి కంచంలో ఆగిపోయింది. కల్యాణసుందరి గబగబా ఇంకో గరిటె సాంబారు వడ్డించింది.

"ఉప్పెక్కువ" అంది అత్తగారు.

ఆ రోజు కోడలు రుచి చూడకుండానే ఒప్పుకుంది.