కాలువలో వేసిన రాకెట్టు కథ

"బతికున్న మనిషికి నిప్పంటుకుందని రాస్తావేందే సాబిరా? రేపు ఏమన్నా అయితే? ఆయన్ని కన్నతల్లి ఎక్కడో ఉంటది కదే!"

నా కూతురు తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది మన దేశం తరఫున రాకెట్టెక్కి ఆకాశంలోకి వెళ్ళొచ్చిన ఆఫీసరు ఉన్నాడే, ఆయన్ని పెట్టి కథలు రాస్తుంది. ఆయన చంద్రుడి మీద బోర్లు వేయిస్తాడు, వేరే గ్రహాల్లో మిరప తోటలు పెట్టిస్తాడు. నేను చదివింది ఐదు. వేలు పెట్టి కూడబలుక్కుంటే గానీ సాగదు. ఆ రోజు కొత్త కథ రెండు పేజీలు చదివేసరికి రాకెట్టు అంటుకుంది. భయమేసి నోట్సు మూసేశాను.

"కథేగమ్మా. చివరిదాకా చదువు."

"మీ నాన్నప్పుడూ కథే అన్నావు."

అనకూడని మాట. అనేశాను. తన మొదటి కథలో ఆ ఆఫీసరు పైనుంచి చూస్తుండగా మాచర్ల రోడ్డు మీద ఒక లారీ దీపాలు ఆరిపోయాయని రాసింది. నెల తిరగకుండా అదే రోడ్డు మీద, ఆగిన లారీ కింద దూరి రిపేరు చేస్తుంటే జాకీ జారి మా ఆయన జిలానీ పోయాడు. అప్పటి నుంచీ కడుపులో దాచుకున్నది ఆ రోజు బయటికొచ్చింది. సాబిరా ముఖం పాలిపోయింది.

మర్నాడు అది బడికెళ్ళాక నోట్సు పొయ్యిలో పెట్టబోయాను. ప్రతి కథ నెత్తినా 786 వేసి ఉంది. మా ఇళ్ళల్లో ఏది రాసినా ముందు అల్లా పేరుకు గుర్తుగా ఆ అంకె వేస్తారు. అదున్న కాగితం కాల్చకూడదు, పారే నీళ్ళలో కలపాలి. సాగర్ కాలువ దాకా నడిచి, నోట్సుకు రాయి కట్టి వదిలేశాను. పీడ పోయిందనుకున్నాను.

పోయింది నా బిడ్డ మాట. నోట్సు కాలువలో వేశానని తెలిసిన సాయంత్రం నుంచీ పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది, నోరు విప్పదు. డాక్టరు గొంతు బాగానే ఉందన్నాడు.

"ఆ జబ్బేదో మా కోడలికి రెండ్రోజులు రానియ్యి కరీమా, చెవులు పోతన్నయి" అంది పక్కింటి కొండమ్మ పిన్ని. నాకు నవ్వు రాలేదు.

వేసవి సెలవులకు బడి మూసే రోజున రామాయమ్మ టీచరు నాలుగు కాగితాలు చేతిలో పెట్టింది.

"పత్రికకు పంపుదామని అప్పట్లోనే సాఫుగా రాయించా. ఇప్పుడు వద్దని తలకాయ ఊపుతంది. ఏందమ్మా దీని సంగతి?"

అదే కథ. ఇంటికొచ్చి సాబిరా ఎదురుగానే పైకి చదివాను, మొదటి నుంచి చివరిదాకా. రాకెట్టు అంటుకుంది. ఎక్కడి నుంచో గ్రీజు మరకల ఖాకీ చొక్కా మెకానిక్కు ఒకడు వచ్చాడు. స్పానర్ పళ్ళతో పట్టుకుని ఇంజను కింద దూరాడు. మంటలార్పి, "పదండి సార్, స్టార్టయింది" అన్నాడు. పేరేమిటని ఆఫీసరు అడిగాడు. నరసరావుపేట జిలానీ అన్నాడు. రాకెట్టు క్షేమంగా దిగింది. మెకానిక్కు అక్కడే ఉండిపోయాడు.

నాకు అక్షరాలు కనిపించలేదు.

"నువ్వు రాసినందుకు పోలేదే నాన్న. ఆ జాకీ పాతది. పాడునోరు నాది."

గోడ వైపు తిరిగి కూర్చుంది.

"మీ నాన్నను కూడా ఎక్కించుకుని రాకపోయాడా ఆ సారు? ఎందుకు దించలేదే?"

పొయ్యి మీద అన్నం పొంగి మంట ఆరింది. నేను లేవలేదు. గోడకేసే చూస్తూ అంది సాబిరా:

"దించానని రాస్తే నిజమనుకుని నువ్వు రోజూ వాకిట్లో కూచుంటావమ్మా."