హవ్వా గడప

బియ్యం కడిగిన నీళ్లు పారబోద్దామని సబీనా తలుపు తీసేసరికి, ఎదురింటి గోడ మీద కూల్చబోయే ఇళ్లకు వేసే ఎర్రరంగు గుర్తు కనబడింది. వీధి మొత్తానికీ పడింది. జెద్దాలో ఈ పాతపేట నల్లవాళ్లది. ఎదురింటి హవ్వా తాత హజ్‌కని ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. హవ్వా ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ గడప ముందే వేరుశనగలు వేయించి అమ్ముకుంటూ ముసలిదైంది. ఇక ఇక్కడ అద్దాల మేడలు లేస్తాయట. వాటిలో ఆమెకు చోటు లేదు. ఊరవతల చెల్లెలి పంచన చేరబోతోంది.

"పీడ వదిలె," అన్నాడు మొగుడు బాబావలి, సామాను మూటలు కడుతూ. "మనం పోయే కొత్త బిల్డింగులో అంతా మనోళ్లే. నల్లోళ్లను మెట్లు గూడా ఎక్కనీరంట. మే, ఆ అంతస్తులో ఉండే మగోళ్లందరికీ నువ్వే వండుతావని చెప్పినా. ఇంట్లో ఉండేదానివి, నీకేం పని?"

అడగలేదు, చెప్పాడు. కడప నుంచి వచ్చిన నాటి నుంచీ అంతే. అతని స్నేహితులకు వండడం, వడ్డించడం, వాళ్లు లేచాక గిన్నె అడుగున మిగిలింది తినడం. మసీదులో హవ్వా కొడుకు పక్కన భుజం ఆనించి నిలబడే మనిషే, హవ్వా పంపిన కూరను చెత్తడబ్బాలో వేయించేవాడు. కడుపు పోయి సబీనా నెత్తుట్లో పడి ఉన్న రోజు అతను డ్యూటీ వదిలి రాలేదు. హవ్వానే ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, తన పళ్లెంలోంచి ముద్దలు చేసి తినిపించింది. ఆ తిన్న సంగతి సబీనా ఇంతవరకూ మొగుడికి చెప్పలేదు. ఏం తప్పు చేసిందని దాచింది?

మధ్యాహ్నం సామాను ఎత్తడానికి వచ్చిన స్నేహితులు చాప పరుచుకుని కూర్చున్నారు.

"వదినా, ఆకలి దంచుతాండాది," అన్నాడు నబీ రసూల్. "ఈ పేటలో ఆఖరి కూడు, దండిగా పెట్టు!"

సబీనా అన్నం గిన్నె ఎత్తుకుంది. వాళ్ల ముందు నుంచే నడిచి వీధి దాటింది. గడప మీదున్న హవ్వా పక్కనే కూర్చుని, ఆమె ముందున్న పెద్దపళ్లెంలో మాంసం కూర పక్కన అన్నం కుమ్మరించింది. ఇక్కడివాళ్లు తినేటట్టే ఇద్దరూ ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టారు. హవ్వా తలెత్తలేదు. మంచి మాంసం ముక్క ఏరి సబీనా వైపు జరిపింది. వీధి చివర గోడలు కూల్చే యంత్రం రేపిన దుమ్ము అన్నం మీద పడుతోంది.

"ఏమ్మే!" బాబావలి గుమ్మంలోంచి అరిచాడు. "ఆ పళ్లెంలో పెట్టిన చేత్తోనే మాకు వడ్డిస్తావా?"

సబీనా నోట్లో ముద్ద మింగింది.

"లేదు," అంది. "ఇంక వడ్డించను."