స్ట్రెచర్ ఖాళీ అయ్యేదాకా

ఆక్సిజన్ సిలిండర్ మీట బిగించి, గేజీలో ముల్లు చూసుకుని, ఆమె అంబులెన్స్ లోపలి అలమర తలుపు తీసింది. తలుపు వెనక తను చదువుకోడానికి అంటించుకున్న మూత్రపిండం బొమ్మ లేదు. టేపు మరకలు మాత్రం నాలుగు మూలలా మిగిలాయి. రాత్రి డ్యూటీవాళ్ళు పీకేశారు. మొన్న గుండె బొమ్మ పీకారు, అంతకుముందు కన్ను. ఈ లెక్కన ఒక్కో అవయవమూ పోయి చివరికి తనకు బుర్ర కూడా మిగలదనుకుంది.

"బండి శుభ్రంగా ఉండాలట. కాగితాలు అంటిస్తే సూపర్వైజరు ఊరుకోడట," అన్నాడు డ్రైవరు, ముందు అద్దం తుడుస్తూ.

"వాంతి ఉంటే మాత్రం ఊరుకుంటాడు. అది తుడవకుండా దిగిపోయారు చూడు, బాబాయ్."

మోకాళ్ళమీద కూర్చుని నేల తుడిచింది. పొట్టి మనిషి. మెట్లమీదుగా మనుషుల్ని దించీ దించీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలింది. ఎంత కడిగినా చేతులు స్పిరిట్ వాసనే. స్టేషన్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. గౌరవంతో కాదు, ఎగతాళికి. మెడికల్ కాలేజీ ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. అత్యవసర సేవల్లో పనిచేసేవాళ్ళకని కాలేజీవాళ్ళు కొన్ని సీట్లు విడిగా ఉంచుతారు. వాటికి ఇంటర్వ్యూ ఇవాళే, మధ్యాహ్నం రెండింటికి. వచ్చే ఏటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఇవాళ తప్పితే ఇక ఆ తలుపు మూసుకున్నట్టే.

ఇంట్లో పెద్దగా ఆశపెట్టుకున్నవాళ్ళు లేరు. అన్నయ్య ఏమీ అనడు. వదిన అంటుంది. "నువ్వు చదువు పూర్తిచేసి డాక్టరయ్యేసరికి పెళ్ళికొడుకులు రోగులై నీ దగ్గరికే వస్తారులే, వెతికే పని తప్పుతుంది." వదిన మాటలో విషం లేదు. నిజం ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అయినా పొద్దున లేచి ఆడపడుచు ఇంటర్వ్యూ బట్టలు ఇస్త్రీచేసి సంచిలో పెట్టింది కూడా వదినే.

అసలు ఈ పిచ్చి ఎందుకు పట్టిందని అడిగితే ఆమె దగ్గర గొప్ప జవాబేమీ లేదు. ఇన్నేళ్ళుగా మనుషుల్ని ఎత్తుకొచ్చి ఆస్పత్రి తలుపు దాకా చేరుస్తోంది. తలుపు తెరుచుకుంటుంది, మనిషి లోపలికి వెళ్తాడు, తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత బతికాడో పోయాడో ఎవరూ చెప్పరు. అడిగితే "మీరు బంధువులా?" అంటారు. సగం కథలు వినీ వినీ ఆమెకు విసుగెత్తింది. ఆ తలుపుకి అవతలివైపు నిలబడాలని ఉంది. అంతే.

డ్యూటీ మధ్యాహ్నానికి ముగియాలి. ఆమె స్థానంలోకి రావలసినవాడు ఇంకా రాలేదు. వాడి కోసం గేటువైపు చూస్తుండగానే కంట్రోల్ రూమ్ నుంచి కబురొచ్చింది. ముసలాయన, ఆయాసం, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. కాలేజీ పిలిచినా కంట్రోల్ రూమ్ వదలదు.

పెద్దాయన మంచం అంచున ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి నున్నగా మెరుస్తున్నాయి. పక్కవాటావిడ ఫోన్ చేసిందట. కూతురు ఊరవతల బేకరీలో పనిచేస్తుంది, బయలుదేరిందట. కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించుతుంటే ప్రతి మెట్టుకీ ఆయన ఏదో ఒకటి అన్నాడు. కుర్చీ బాగాలేదు. బెల్టు ఒరుసుకుంటోంది. డ్రైవరుకి మెట్లు దిగడం రాదు.

"మాట్లాడకండి, ఆయాసం ఎక్కువవుతుంది," అంది ఆమె.

"మాట్లాడకపోతే పోయాననుకుంటారు తల్లీ."

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది కంట్రోల్ రూమ్. ఆమెకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టయింది. మెడికల్ కాలేజీ ఆ ఆస్పత్రిదే. ఇంటర్వ్యూ అదే భవనంలో, నాలుగో అంతస్తులో. ఈయన్ని అప్పగించి మెట్లెక్కితే చాలు. "చూశావా, ఎంత దూరం తిప్పినా చివరికి అక్కడికే," అన్నాడు డ్రైవరు, హారన్ గట్టిగా మోగిస్తూ.

లోపల మంచం లేదు. నడవా పొడవునా స్ట్రెచర్లే. ప్రతి స్ట్రెచర్ పక్కనా తనలాంటి మనిషి ఒకరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఇక్కడి పద్ధతి అది. మంచం దొరికేదాకా రోగి స్ట్రెచర్ మీదే ఉంటాడు, స్ట్రెచర్ మీద ఉన్నంతసేపూ అతని బాధ్యత తెచ్చినవాళ్ళదే. ఆస్పత్రి చేతికి వచ్చినట్టు కాదు.

డ్యూటీ డాక్టరు ఆమెకంటే చిన్నది. కళ్ళకింద నల్లటి చారలు. పెద్దాయన ఛాతీమీద స్టెత్ పెట్టి, ఆక్సిజన్ కాస్త పెంచి, ఒక ఇంజెక్షన్ చేయించింది.

"మేడమ్, పైన నాకు ఇంటర్వ్యూ ఉంది. కాసేపు ఈయన్ని మీరు తీసుకుంటే..."

"తీసుకోవాలంటే మంచం ఉండాలి. లోపల నేలమీదే ఇద్దరున్నారు. నన్నేం చెయ్యమంటారు, చెప్పండి."

ఆమె సూపర్వైజరుకి ఫోన్ చేసింది. రోగిని వదిలి వెళ్తే ఉద్యోగం వదిలినట్టేనన్నాడు. రావలసినవాడి సంగతి అడిగితే దారిలో ఉన్నాడన్నాడు. వాడు పుట్టినప్పటినుంచీ దారిలోనే ఉన్నాడు. గోడ గడియారం కింద నిలబడి ఆమె పళ్ళు నూరుకుంది. నాలుగు అంతస్తుల కింద, చెయ్యెత్తితే అందేటంత దగ్గర్లో, ఇలా గుంజకు కట్టేసినట్టు నిలబడాల్సి రావడం కంటే ఊరవతల ఎక్కడో ఇరుక్కుపోయి ఉన్నా నయమే.

పెద్దాయన గొణుగుడు ఆపలేదు. పైన ట్యూబ్‌లైటు మిణుకుమంటోందట. జీవితమంతా సినిమాహాల్లో ప్రొజెక్టరు నడిపాడట, వెలుగు వణికితే ఓర్చుకోలేడట.

"ఎన్ని సినిమాలు చూసుంటారో," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఒక్కోటీ వందసార్లు. క్లైమాక్సులన్నీ ఒకటే తల్లీ. ఇంటర్వెల్ దాకా చూసి లేచిపోయేవాడే సుఖపడతాడు."

"నా బతుకంతా ఇంటర్వెల్లే. చివరేమవుతుందో ఎప్పుడూ తెలీదు."

"నీకు పైన ఏదో పనుందిగా, ఇందాకట్నుంచీ ఆ గడియారాన్ని తినేసేలా చూస్తున్నావు. వెళ్ళు. నేనెక్కడికీ పోను. నా చెప్పులు కూడా ఇంట్లోనే ఉండిపోయాయి."

"వెళ్ళిరా అమ్మాయ్," అన్నాడు డ్రైవరు. "నేనుంటాగా. సూపర్వైజరుకి ఎవరు చెప్తారు?"

ఆమె పెద్దాయన రంగు చూసింది, వేలికి పెట్టిన క్లిప్పు మీద ఆక్సిజన్ అంకె చూసింది. ఇందాకటికంటే మేలే. ఆక్సిజన్ గొట్టం చూస్తూ ఉండమనీ, ఏమైనా తేడా వస్తే ఆ తలుపు కొట్టమనీ, వెంటనే తనకు ఫోన్ చెయ్యమనీ డ్రైవరుకి చెప్పింది. అరిచే రోగికి భయపడనక్కర్లేదు, ఊరుకున్న రోగికే భయపడాలి. ఆ ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్ళు బండి నడిపినవాడికి తెలుసనుకుంది.

బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. యూనిఫాంలోనే మెట్లెక్కింది. నాలుగో అంతస్తులో నీలం ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. ఇస్త్రీ మడతలు చెడని మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ చూపులు ఆమె మోకాళ్ళ దగ్గరి మరకమీద ఆగి, మర్యాదగా పక్కకు జరిగాయి. గుమాస్తా ఆమె పేరు పక్కన టిక్కు పెట్టి, "ఇంకిద్దరి తర్వాత మీరు," అన్నాడు. కూర్చుంది. తను ఎందుకు డాక్టరు కావాలనుకుంటోందో చెప్పే మొదటి వాక్యాన్ని మనసులో కూడబలుక్కుంది. అది ఎంతో బాగుంది. ఒకరు వెళ్ళారు, వచ్చారు. రెండోవారు వెళ్ళారు. అప్పుడు ఫోన్ మోగింది.

"కంగారు పడకు అమ్మాయ్, మంచి మాటే," అన్నాడు డ్రైవరు. "పెద్దాయన పడుకున్నాడు."

"పడుకోవడమేంటి?"

"వేలికి పెట్టావే క్లిప్పు, అది కీచుకీచుమంటుంటే విసుక్కున్నాడు. నేనే తీసేశా. దాంతో హాయిగా నిద్రపట్టింది. గొణుగుడు కూడా లేదు. నువ్వు నిదానంగా చూసుకుని రా."

ఆమె లేచి నిలబడింది. "తలుపు కొట్టు బాబాయ్. ఇప్పుడే. గట్టిగా."

"తర్వాత మీరే," అన్నాడు గుమాస్తా.

"అయిదు నిమిషాల్లో వస్తాను."

"పిలిచినప్పుడు లేకపోతే తర్వాతివాళ్ళని పంపేస్తారమ్మా. మళ్ళీ పిలవరు."

మెట్లు రెండేసి చొప్పున దిగింది. దిగుతున్నంతసేపూ తిట్టుకుంది. క్లిప్పు తీసిన బాబాయ్‌ని, దారిలో ఉన్నవాణ్ణి, చెప్పకుండా వెళ్ళిన తనను. ఇంకో పావుగంట గొణగలేకపోయాడా అని పెద్దాయనమీద కూడా కోపం వచ్చింది. ఆ కోపానికి సిగ్గేసింది. సిగ్గేసినా కోపం పోలేదు.

ఆయన పెదవులు నీలంగా మారాయి. మెడ దగ్గర వేళ్ళు పెడితే నాడి ఉందో లేదో అన్నట్టుంది. చూస్తుండగానే అదీ లేదు. స్ట్రెచర్ ఎక్కి ఛాతీమీద నొక్కడం మొదలుపెట్టింది. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చింది. ఇంతసేపూ లేని మంచం అప్పుడు దొరికింది. తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. ఆమె నొక్కుతూనే, స్ట్రెచర్ మీదే, మొదటిసారి ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళింది. ఎవరూ బంధువులా అని అడగలేదు.

చాలాసేపటికి డాక్టరు ఆమె భుజంమీద చెయ్యివేసి, "చాలు," అంది. ఈసారి కథ చివరిదాకా తెలిసింది.

కూతురు వచ్చేసరికి ముఖంమీద దుప్పటి కప్పేశారు. కూతురి చేతుల నిండా ఇంకా బేకరీ పిండే. ఏడవలేదు. గోడను పట్టుకుని, "చివర్లో పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

డ్రైవరు నేలవైపు చూస్తూ, "ఈ అమ్మే ఉందమ్మా. మొదట్నుంచీ దగ్గరే ఉంది," అన్నాడు.

కూతురు ఆ పిండి చేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. లేనని చెప్పాలని ఆమెకు గొంతుదాకా వచ్చింది. చెబితే తన మనసు తేలికపడుతుంది, ఆ బరువు ఈ పిల్లమీద పడుతుంది. చెప్పలేదు. "నాన్నగారు చాలా కబుర్లు చెప్పారు," అంది. అదొక్కటే నిజం.

స్ట్రెచర్ ఖాళీ అయింది. దాన్ని తుడిచి కొత్త దుప్పటి వేశాక, రావలసినవాడు వచ్చాడు. ట్రాఫిక్ గురించి చెప్పబోతుంటే ఆమె వినకుండా మెట్లవైపు నడిచింది. ఎందుకెక్కుతోందో తెలియదు. కాళ్ళు ఎక్కుతున్నాయి.

నాలుగో అంతస్తులో ఇంటర్వ్యూ గదికి తాళం వేసి ఉంది. కుర్చీలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి గోడవారకు నెట్టారు. నేల తడిగా ఉంది, ఇప్పుడే తుడిచినట్టున్నారు. ఒక్క కుర్చీ మాత్రం వరసలో తన చోటు నుంచి కదలకుండా ఉండిపోయింది. దానిమీద ఆమె కర్చీఫు ఉంది. ఎప్పుడు వేసి పరుగెత్తిందో ఆమెకు గుర్తులేదు. ఎవరో సీటు ఆపుకున్నారనుకుని తుడిచినవాళ్ళు కూడా దాని జోలికి పోలేదు కాబోలు, నలిగిన ఆ తెల్లగుడ్డ నీలం కుర్చీ మధ్యలో అలాగే పరుచుకుని ఉంది.