రాత్రిళ్ళు తిరిగే పిల్ల

నేను రాత్రిళ్ళు తిరుగుతానన్న సంగతి చల్లపల్లిలో మా వీధి వీధంతా తెలిసిపోయింది. అందరికంటే ఆఖర్న తెలిసింది నాకే.

విజయవాడ వచ్చి నాలుగేళ్ళయింది. గవర్నరుపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్న ఏడింటికి మొదటి సూది గుచ్చితే, సాయంత్రం ఏడింటికి గానీ ఆఖరి రిపోర్టు పని తెమలదు. హాస్టల్ చేరేసరికి ఎనిమిది. గేటు తొమ్మిదిన్నరకు మూస్తారు, నేను తొమ్మిదింటికే ముసుగు తన్నేస్తాను. ఈ ఊళ్ళో రాత్రి ఎలా ఉంటుందో నా గది కిటికీలోంచి కనిపించినంత వరకే నాకు తెలుసు. ఆ కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు.

అలాంటి నాకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తేజేశ్వర్, హనుమాన్ జంక్షన్‌లో బ్యాంకు ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, రక్తం చూస్తే కళ్ళు తిరగవా అని. ఆ అడగడంలోనే తనకు తిరుగుతాయని తెలిసిపోయింది. నాకు నవ్వొచ్చింది, మనిషి నచ్చాడు. ఇక మిగిలింది వాకబు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల ఎలాంటిదో నలుగురినీ అడిగి తెలుసుకోవాలి కదా! ఆ పని అబ్బాయి మేనమామ హనుమయ్యగారికి అప్పగించారు.

హనుమయ్యగారికి వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టుంది. మా నాన్న ఆదిశేషయ్య నేసే చీరలు ఆ కొట్టుకే వెళతాయి. కొట్టువాళ్ళు ఏటా పంచే క్యాలెండర్ మీద లక్ష్మీదేవికి కాస్త కిందగా, లక్ష్మీదేవి కంటే కాస్త పెద్దగా ఆయన ఫోటో ఉంటుంది. మా వంటింటి గోడ మీద ఏడాది పొడవునా ఆ మొహమే. నాన్న తప్ప మా ఇంట్లో ఎవరం ఆయన్ని ఎదురుగా చూడలేదు. ఆయన పెళ్ళిచూపులకు కూడా రాలేదు. నా ఫోటో మాత్రం ఫోన్లో పంపించారట.

ఆయన వాకబును రెండు ముక్కల్లో తేల్చేశాడు. శనివారం రాత్రి పదకొండింటికి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద హోటల్ మెట్లు దిగుతూ నేను కనిపించానట. పై అంతస్తులో పాటలూ మందూ ఉండే హోటలట. పక్కన ఎవరో కుర్రాళ్ళట. తను కారులో అటుగా వెళుతూ కళ్ళారా చూశాడట.

సంబంధం ఆగిపోయింది. అంతటితో ఆగితే బాగుండేది. నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు అమ్మకు రెండు ఖాళీ బ్యాగులిచ్చి విజయవాడ బస్సెక్కించాడు. ఉద్యోగం మానిపించి, గది ఖాళీ చేయించి, ఆదివారం మధ్యాహ్నానికల్లా నన్ను ఇంటికి తీసుకురావాలని హుకుం. నేను ఫోన్లో ఎంత మొత్తుకున్నా వినలేదు.

"ఆయనంత పెద్దమనిషికి నీ మీద అబద్ధం చెప్పాల్సిన ఖర్మేంటమ్మా?" అన్నాడు.

నన్ను కన్న మనిషి, నా మాట వదిలేసి క్యాలెండర్ మీది మనిషి మాట నమ్మాడు. నాకు చాలా బాధేసింది. ఆ బాధ సాయంత్రానికల్లా కోపమైంది. నాలుగేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని. చంటిపిల్లల చేతిలో నరం నాలా పట్టుకోగలవాళ్ళు మా సెంటర్లో ఇంకొకరు లేరు. ఎవరో మెట్లు దిగితే నేను దాన్ని వదులుకోవాలా?

అమ్మ శనివారం సాయంత్రం వచ్చింది. మా అమ్మ వెంకటరావమ్మ మాటకారి కాదు. వచ్చీ రాగానే నా మంచం మీద బ్యాగులు పరిచి, బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేను ఆ హోటల్‌కి వెళ్ళానని నువ్వు కూడా అనుకుంటున్నావా?"

"వెళ్ళలేదని నాకు తెలుసే. తెలిస్తే మాత్రం ఏం చేస్తాం? పేరు వచ్చేసింది."

ఆ 'ఏం చేస్తాం' విని నాకు ఒళ్ళు మండిపోయింది. "పేరు ఎట్టాగూ వచ్చిందిగా. పని చెయ్యకుండా ఉత్త పేరు నేనెందుకు మొయ్యాలి? ఇవాళ శనివారమే. పద, ఆ హోటలేంటో చూసొద్దాం."

అమ్మ నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న చుడీదార్ మడతపెట్టింది, ఇంకొకటి తీసింది, దాన్ని మడత పెట్టకుండానే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అక్కడికి ఏం కట్టుకోవాలంటా?" అంది.

హాస్టల్లో గేటు మూశాక తిరిగి రావాలంటే ముందే రిజిస్టర్లో రాయాలి. వార్డెన్ ఛాయాదేవిగారు నా సంగతి అప్పటికే విని ఉంది కాబట్టి, పెన్ను ఇస్తూ నన్ను ఎగాదిగా చూసింది. వెంట అమ్మే ఉండటంతో ఏమీ అనలేకపోయింది. ఎందుకు వెళుతున్నారన్న గడిలో గుడికనో డాక్టర్ దగ్గరికనో అమ్మ రాస్తుందనుకున్నాను. ఏడో తరగతి చదివిన మా అమ్మ గుండ్రటి అక్షరాలతో 'షికారు' అని రాసి, కింద సంతకం చేసింది.

ఆటోలో బందరు రోడ్డు మీద వెళుతుంటే అమ్మ రెండు వైపులా తల తిప్పి చూస్తూనే ఉంది. రాత్రి తొమ్మిదిన్నరప్పుడు ఆడపిల్లలు స్కూటీల మీద వెళుతున్నారు. ఒకమ్మాయి రోడ్డు పక్కన బండి ఆపి, ఒక్కతే నిలబడి ఐస్‌క్రీమ్ తింటోంది. "దానికి భయం లేదూ?" అంది అమ్మ. కాసేపటికి మళ్ళీ తనే, "పాపం, హాయిగా తింటోంది," అంది.

హోటల్లో లిఫ్టు దిగగానే నల్లచొక్కా వేసుకున్న కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. అమ్మ నీలంరంగు నేతచీరనీ, చేతిలోని గుడ్డసంచినీ చూసి ఏమనాలో తోచక, రోజూ అందరినీ అడిగేదే మమ్మల్నీ అడిగాడు. "కపుల్ ఎంట్రీనా మేడమ్?"

"కాదు బాబూ, తల్లీకూతుళ్ళం," అంది అమ్మ.

అతనికి నవ్వాగలేదు. పక్కకు తప్పుకుని, ఇద్దరి చేతులకూ కాగితం పట్టీలు కట్టాడు. "ఆసుపత్రిలో కట్టినట్టు కడుతున్నారేంటే," అని అమ్మ నా చెవిలో గొణిగింది.

లోపల నేనేదో ఊహించుకున్నాను. నాకు అంత చెడ్డపేరు తెచ్చిన చోటంటే ఎంత ఘోరంగా ఉండాలి! తీరా చూస్తే మిద్దె మీద నీలం లైట్లు, గుండెల్లో అదిరే పాటలు, పుట్టినరోజు కేకు కోస్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఒక మూల నలుగురు అమ్మాయిలు చెప్పులు విప్పేసి గెంతుతున్నారు. పిట్టగోడ దగ్గరికి వెళితే ఊరంతా వెలుగుతూ కనిపించింది, దూరంగా కొండ మీద అమ్మవారి గుడి దీపాలతో సహా. నాలుగేళ్ళుగా నేనున్న ఊరు ఇంత అందంగా ఉంటుందా అని నాకు ఏడుపొచ్చినంత పనయింది. అమ్మ గుడివైపు దణ్ణం పెట్టుకుని, పుదీనా వేసిన నిమ్మకాయ సోడా ఒకటి తెప్పించుకుని, చప్పుడు చేస్తూ తాగింది.

సగం తాగాక స్ట్రా నోట్లోంచి తీసి నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమేవ్, ఆ పక్క టేబుల్ ఆయన మన క్యాలెండరాయన కాదూ?"

ఆయనే. క్యాలెండర్ మీద లేనిదల్లా ముందున్న గ్లాసొక్కటే. వెయిటర్ అడక్కుండానే ఇంకో గ్లాసు తెచ్చిపెట్టి, "పల్లీలు కూడా మామూలుగానేగా సార్?" అన్నాడు. అంటే ఆయన ఈ దారిన కారులో వెళ్ళే మనిషి కాదు, ఇక్కడ కూర్చునే మనిషి.

లేచి వెళ్ళి నాలుగు దులుపుదామనుకునేలోపు ఆయనే మావైపు వంగాడు. అమ్మ చీర చూసి జాలిపడ్డట్టున్నాడు.

"దారితప్పి పైకొచ్చారా అమ్మా? ఫ్యామిలీ రెస్టారెంట్ కింద ఫ్లోరండీ."

"తెలుసండీ, ఇక్కడికే వచ్చాం," అన్నాను.

ఆయన మొహం ముడుచుకుంది. నన్ను వదిలేసి అమ్మతో మొదలుపెట్టాడు. "తప్పుగా అనుకోవద్దు చెల్లెమ్మా. పెళ్ళికావాల్సిన పిల్లలాగుంది. ఇట్టాంటి చోట్లకి తీసుకురాకూడదు. ఎవరి కంటబడ్డా లేనిపోని మాటొస్తది. మంచి సంబంధాలు తప్పిపోతాయి."

నేను కుర్చీ ఆయనవైపు తిప్పుకున్నాను. మా మధ్య రెండు మూరల దూరం లేదు. లైటు నేరుగా నా మొహం మీద పడుతోంది.

"అంకుల్, నన్ను ఇదివరకు ఎప్పుడైనా చూశారా?"

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మరీ చూశాడు. "లేదమ్మా. ఎప్పుడూ చూడలేదు. ఎవరి తాలూకు?"

అమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు, పాట ఆగిన సందు చూసుకుని మరీ మాట్లాడింది.

"చల్లపల్లి ఆదిశేషయ్యగారి భార్యనండి అన్నయ్యగారూ. ఇది మా అమ్మాయి శ్రీదుర్గ. పోయిన శనివారం మీరు కళ్ళారా చూసింది దీన్నే."

ఆయన కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టాడు. నా బతుకులో ఒక మనిషి మొహంలో అంత త్వరగా రక్తం దిగిపోవడం చూడలేదు. రోజూ రక్తం తీసేదాన్ని చెబుతున్నాను.

"ఈ వెలుతుర్లో అందరు పిల్లలూ ఒకేలా ఉంటారమ్మా. ఫోటోలో ఉన్నట్టే అనిపించింది," అన్నాడు. గ్లాసు పక్కకు జరిపి, "రేపు పొద్దున్నే ఫోన్ చేసి నేనే సరిచేస్తాను చెల్లెమ్మా. మనం మనం ఒకటి. నన్నిక్కడ చూసిన సంగతి మాత్రం... మా ఇంట్లో తెలిస్తే బాగోదు," అన్నాడు.

తన పేరు పోతుందని ఆయనకెంత భయమో! నా పేరు తీసేటప్పుడు అందులో పదోవంతు భయపడినా సరిపోయేది. అదే మాట ఆయన మొహం మీదే అన్నాను. అమ్మ నన్ను ఆపలేదు. గ్లాసులో మిగిలిన సోడా పూర్తిగా తాగి, అప్పుడు లేచింది.

రాత్రికి ఇక చాలనుకున్నాను. అమ్మకు చాల్లేదు. స్టేడియం దగ్గర తిండి బళ్ళున్నాయని ఆటో అతను చెబితే అక్కడ దిగింది. పదకొండు దాటినా జనం కిటకిటలాడుతున్నారు. డ్యూటీ దిగిన నర్సులు, చంకలో పిల్లల్ని వేసుకున్న సంసారులు, కాలేజీ కుర్రాళ్ళు. ఇద్దరం నిలబడే కారం దోసె తిన్నాం.

"ఇన్నేళ్ళలో అర్ధరాత్రి ఇంటి బయట ఉన్నానంటే పెళ్ళికో, ఆసుపత్రికో, చావుకో. ఊరికే ఉండటం ఇదే," అంది అమ్మ. చట్నీ ఇంకొంచెం వెయ్యమని బండి అతనితో దెబ్బలాడింది కూడా.

ఆదివారం పొద్దున్న ఏడింటికి నాన్న ఫోన్. స్పీకర్ పెట్టాను. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"హనుమయ్యగారు చేశారమ్మా! పొరపాటు పడ్డారంట. ఆ పిల్లెవరో వేరేనంట. మళ్ళీ గట్టిగా వాకబు చేయించారంట, మన పిల్ల బంగారమంట, చీకటి పడితే గడప దాటదంట. వాళ్ళు సరేనన్నారు. ఉద్యోగం కూడా చేసుకోనిస్తారంట. ఆ బ్యాగులు విప్పెయ్యండి ఇక."

అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఉన్నమాట చెబుతున్నాను, ఊరుకుందామనిపించింది. ఉద్యోగం ఉంటుంది, గది ఉంటుంది, రక్తానికి భయపడే ఆ అబ్బాయి ఉంటాడు. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. కానీ ఆయన మొదట చెప్పింది ఎంత అబద్ధమో ఇదీ అంతే అబద్ధం. ఈ అబద్ధం మీద కాపురం చేస్తే, చీకటి పడ్డాక గడప దాటిన ప్రతిసారీ నేను భయపడుతూ బతకాలి.

"నాన్నా, ఆయన చెప్పింది నిజం కాదు. రాత్రి ఆ హోటల్‌కి వెళ్ళాను. పన్నెండింటికి తిరిగొచ్చాను."

నాన్న అరుపు గది దాటి వినిపించింది. "ఎవరితో వెళ్ళావే?"

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నాతో," అంది. "హనుమయ్యగారు అక్కడే ఉన్నారు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ చూడలేదన్నారు. ఈ మాటలన్నీ పిల్లాడి వాళ్ళకి చెప్పండి. విన్నాక కూడా కావాలంటే రమ్మనండి, వద్దంటే మానెయ్యమనండి. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటది, ఉద్యోగం చేసుకుంటది."

"నీకేమన్నా మతిపోయిందా? పన్నెండింటిదాకా రోడ్ల మీద తిరిగానని నీ నోటితో నువ్వే చెబుతున్నావా?"

"తిరిగానండీ. బాగుంది," అంది అమ్మ. "వచ్చే నెల మీరు కూడా రండి, చూద్దురుగాని."