దింపు రోజు

అన్యాయం ఎవరికి జరిగింది? బంగారరాజుకు. చేసిందెవరు? సొంత ఊరే.

అతడు సూడాన్‌లో లారీ నడుపుతుండగా అక్కడ యుద్ధం మొదలైంది. తుపాకీ గుళ్ల మోతల మధ్య ఒక గోదాములో నక్కి, తోటి డ్రైవరు శవం పక్కనే రోజులు గడిపి, ఎలాగో కొత్తపేట దగ్గరి తన ఊరు చేరాడు. ఊరివారు అభిమానంతోనే ఎదురువెళ్లారు. కారు దిగగానే టపాకాయల దండ అంటించారు. అతడు పక్కనున్న పంటబోదె కాలువలోకి దూకి, బురదలో ముఖం దాచుకున్నాడు. అందరూ నవ్వారు, ఆ నవ్వు ఫోన్లకెక్కింది. నాటి నుంచి అతడు ఊరికి బాంబులరాజు.

భార్య చిన్నమ్మలు ఆ పేరును సహించింది. సహించలేకపోయింది కొబ్బరి దింపును. పక్క తోట సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిది. దింపువాళ్లు చెట్టెక్కి గెల నరికినప్పుడల్లా కాయలు దబదబా నేలను తాకేవి. బంగారరాజు మంచం కిందికి దూరి వణికేవాడు. "మందులు సగమేనమ్మా, మిగతా సగం చుట్టుపక్కలవాళ్ల చేతుల్లో ఉంది," అన్నాడు అమలాపురం డాక్టరు. ఆ సగం కోసం ఆమె గడపగడపా ఎక్కింది. అందరూ కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, "ఆయ్, అలాగేనండీ" అన్నారు. ఎవరూ ఏమీ చేయలేదు. ఈసారి దింపుకూ ఇలాగే అయితే అతణ్ని విశాఖలో మానసిక ఆసుపత్రిలో వదిలేద్దామని బంగారరాజు అన్నగారు తేల్చేశారు.

దింపు ముందురోజు ఆమె రావుగారి ముందు నిలబడింది.

"బాబాయిగారండీ, రేపు గెలలు తాడు కట్టి దింపించండి."

"ఆయ్, చూద్దాంలే అమ్మాయ్. అయినా గెలలేమన్నా పెళ్లికూతుళ్లా, పల్లకీలో దింపడానికి?"

"తొంభై ఆరు తుపానులో మీ కాలిమీద చెట్టు పడిపోతే, నీళ్లలో మీ తల పైకెత్తి పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నదెవరండీ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకుంటానమ్మా."

"ఆ రాత్రి మీకాయన డబ్బివ్వలేదండీ. పక్కన కూర్చున్నారు."

"ఆయ్."

"ఆ మాటొక్కటీ నా దగ్గర అనకండి!"

తెల్లవారింది. తాడు రాలేదు. మొదటి గెల నేలను అదరగొట్టింది; బంగారరాజు మంచం కింద ముడుచుకుపోయాడు. చిన్నమ్మలు తోటలోకి పరుగెత్తి, సరిగ్గా చెట్టు మొదట్లో నిలబడింది.

"నరకండి! నా నెత్తిన పడనివ్వండి!"

"తప్పుకోండక్కా!" పైనుంచి దింపు కుర్రాడు నాగసతీష్ కేకపెట్టాడు. "తాడు సంగతి మాకెవరూ చెప్పలేదండీ!"

గట్టుమీద కుర్చీలో ఉన్న రావుగారు తల దించుకున్నారు. "ఆపండ్రా," అని లేచి, కుంటుకుంటూ ఆమె ఇంట్లోకి నడిచారు. తుపాను నాటి నుంచి ఆ కాలు మడత పడదు. అయినా గోడ పట్టుకుని నేలమీదికి జారి, కాలు చాపి, మంచం కిందికి చెయ్యి చాచారు.

"ఒరే రాజూ, నేనురా. ఎక్కడికీ వెళ్లను."

చాలాసేపటికి ఒక తడిచెయ్యి ఆ చేతిని పట్టుకుంది. బయట తాళ్లు కట్టారు. "గెల దిగుతోందండీ రాజుగారూ!" అని నాగసతీష్ ముందుగా చెప్పి మరీ ఒక్కొక్కటే దించాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా రావుగారు కదలలేదు. పొద్దు వాలే వేళకు బంగారరాజు మంచం కింది నుంచి బయటికి వచ్చి, ఆయన పక్కనే గోడకు ఆనుకున్నాడు.

చిన్నమ్మలు ఇద్దరికీ కంచాలు పెట్టింది.

"ఇప్పటికైనా నా బాకీ తీరిందా అమ్మాయ్?"

ఆమె ముఖంలో మెత్తదనం లేదు.

"ఊరిది అలాగే ఉందండీ. మీది మాత్రం తీరింది. పూర్తిగా."