బాప్తిస్మ తొట్టిలో ముసలి పైక్

పెద్ద వరదకు కట్ట తెగి, థోర్న్‌లోడ్ జనమంతా ఇళ్ళ కప్పుల మీదికెక్కి కూర్చున్న ఏడాది నుంచి లెక్కేస్తే అది పదకొండో చలికాలం. ఆ పల్లపు నేలలో పెళ్ళయినా చావయినా వరదకు ముందా, తర్వాతా అనే చెప్పుకుంటారు. పైక్ చేపల సంగతీ అంతే. వరద తీసిన మొదటి చలికాలం పందెంలో రెండు గట్లవాళ్ళూ పట్టిన పైక్‌లను నాగలి పబ్బు ముందు తోరణంలా వేలాడదీశారు. ఏటేటా ఆ తోరణం పలచబడుతూ వచ్చింది. కిందటేడు రెండే పడ్డాయి. ఆ రెండూ కలిపితే పబ్బు పిల్లికి ఒక పూటకు వచ్చాయి.

పందెం పద్ధతి పాతదే. జనవరిలో ఒక శనివారం ఉత్తరపు గట్టువాళ్ళూ దక్షిణపు గట్టువాళ్ళూ పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా కాలువలో గాలాలు వేస్తారు. అన్నిటికంటే బరువైన పైక్‌ను ఇనుప కొక్కెం కర్రతో పొడిచి పైకి లాగి, పబ్బు గుమ్మానికి తగిలిస్తారు. ఓడిన గట్టు బీరు పోయించాలి. ప్రాణంతో ఉన్న చేప లెక్కకు రాదు.

దక్షిణపు గట్టుకు పెద్ద ఎఫ్రాయిము కట్లాక్. వరద తర్వాత ఆ గుమ్మానికి తగిలిన చేపల్లో సగానికి పైగా అతని కొక్కేనివే. ఉత్తరపు గట్టున ఉండేది రూబేను సెచెల్. ఈల్ చేపలకు బుట్టలు వేసుకుని బతికే ముసలివాడు, ప్రార్థన మందిరానికి కాపలాదారు కూడా. దేవుడు రోజుకు పది మాటలిస్తే ఆరు మర్నాటికి దాచుకునే రకం. అతను పందెంలో కూర్చుంటాడు గాని కొక్కెం కర్ర తేడు. గాలానికి ఉండే ఎదురు ముల్లును ఆకురాయితో అరగదీస్తాడు. పైక్ పడితే తడి గోనె మీద పడుకోబెట్టి, తడి చేత్తో పట్టుకుని, పట్టకారుతో గాలం తీసి, నీళ్ళలో దానంతటది ఈదేదాకా తోక పట్టుకుని నిలబడతాడు. రూబేను చేపకు దుప్పటి కప్పి జోలపాట పాడతాడని పబ్బులో ఎఫ్రాయిము ప్రతి ఏడూ అనేవాడు, ప్రతి ఏడూ కొత్తగా విన్నట్టు అందరూ నవ్వేవాళ్ళు.

మందిరం వెనక, కాలువ వంపు తిరిగేచోట, పాత తూము కింద లోతైన గుంట ఉంది. అందులో ఒక ఆడ పైక్ ఉంది. ఎడమ మొప్ప మీద తెల్లటి మచ్చ, మొసలికి అప్పిచ్చేంత మూతి. ఇరవై పౌన్ల పైమాటే. రూబేను దాన్ని అంతకుముందు పట్టి వదిలినవాడే. జానెడు, బెత్తెడు పైక్ పిల్లలు కంటపడి అప్పటికి రెండేళ్ళయింది. సన్నపాటి మగ చేపలు అక్కడక్కడా ఉన్నాయి గాని, మార్చిలో రెల్లు మొదళ్ళలో గుడ్లు పెట్టే తల్లి ఆ కాలువలో అదొక్కటే మిగిలింది. అది గుమ్మానికి ఎక్కితే ఇక ఆ కాలువలో కప్పలకు గాలం వేసుకోవాల్సిందే.

పందేనికి వారం ముందు ఎఫ్రాయిము గాలానికి అదే చేప తగిలి, తీగ తెంపుకుని పోయింది. ఆ సాయంత్రం పబ్బులో అతను మొప్ప మీది మచ్చతో సహా దాన్ని వర్ణించి, ఈసారి తూము గుంట చుట్టూ తన గట్టువాళ్ళందరినీ కూర్చోబెడతానని ఒట్టు పెట్టుకున్నాడు. రూబేను తన గ్లాసు ఖాళీ చేసి ఇంటికి పోయాడు. అతను ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇక్కడ ఇంకో ముచ్చట కలిసింది. ఎఫ్రాయిము భార్య మార్త ముప్ఫై ఏళ్ళు పోరాడి పోరాడి, చివరికి మొగుణ్ణి బాప్తిస్మానికి ఒప్పించింది. పందెమూ బీరూ అయ్యాకే పాపాలు కడుక్కుంటే ఒకే నీళ్ళతో పని జరుగుతుందని ఎఫ్రాయిము పందెం మర్నాటి ఆదివారం ఖాయం చేశాడు. మందిరం నేల పలకల కింద బాప్తిస్మ తొట్టి ఉంది. ఛాతీ లోతు, ఇటుక కట్టడం. కాపలాదారు శుక్రవారమే కాలువలోంచి చేతిపంపుతో నీళ్ళు తోడి దాన్ని నింపాలి. ఆ కాలువ నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. వేలు ముంచితే గోరు కనపడదు.

శుక్రవారం తొట్టి నింపి, రూబేను వెనక తలుపు తీసుకుని గాలంతో తూము దగ్గరికి వెళ్ళాడు. ఎరకు ఒక హెర్రింగ్ చేప గుచ్చాడు. పొద్దు వాలుతుండగా బెండు ఒక్కసారి వణికి, పక్కకు నడిచి, మునిగింది. కాసేపట్లో ఆ ముసలి పైక్ తడి గోనెలో పడుకుని అతనికేసి కోపంగా చూస్తోంది. దాన్ని రేకు తొట్టెలో వేసి, తోపుడు బండి మీద మందిరంలోకి తెచ్చి, బాప్తిస్మ తొట్టిలోకి జార్చి, పైన పలకలు మూసేశాడు. శనివారం పందెం అయిపోయిన వెంటనే దాన్ని తిరిగి కాలువలో వదలాలి. అతని ఉపాయం అంతే. అంతకంటే పొడుగైన ఉపాయాలు అతనికి చేతకావు.

శనివారం దక్షిణపు గట్టువాళ్ళు తూము గుంట చుట్టూ శవం చుట్టూ బంధువుల్లా కూర్చున్నారు. ఎదుటి గట్టున రూబేను పైపు కాలుస్తూ కూర్చున్నాడు. పొద్దుగుంకేసరికి రెండు గట్లకూ కలిపి ఒక్క చేప పడలేదు. అలాంటిది ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఖాళీ గుమ్మం కింద నిలబడి ఎఫ్రాయిము తన బీరు తానే తాగాడు. ఆ చేప కాలువలో లేదని, ఉంటే తన ఎర వాసనకు లేచి వచ్చేదని అతను అందరితో అన్నాడు. రూబేను తల ఊపాడు. ఆ ఒక్క మాటలో ఎఫ్రాయిముతో అతనికి పూర్తి ఏకీభావం ఉంది.

తీరా రూబేను చేపను తీసుకుపోవడానికి మందిరానికి వెళితే లోపల దీపాలు వెలుగుతున్నాయి. మార్త, ఆమె చెల్లెళ్ళు పలకల మీద మోకాళ్ళూని నేల తుడుస్తున్నారు. తర్వాత పాటలు సాధన చేస్తారట. రూబేను తోపుడు బండితో గుమ్మంలో నిలబడ్డాడు. తాగిన దక్షిణపు గట్టువాళ్ళు రాత్రి లోపలికి జొరబడి ఆగం చేస్తారేమోనని, ఈ ఒక్కరాత్రికి తాళంచెవి తన దగ్గర ఉంచుకుంటానని మార్త అడిగింది. కాదనడానికి కారణం కావాలి. కారణం చెప్పడానికి మాటలు కావాలి. అతను తాళంచెవి ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున్నే మార్త మరో పని పెట్టుకుంది. మొగుడికి కీళ్ళనొప్పులని, నాలుగు కాగుల వేణ్ణీళ్ళు మరగబెట్టింది, తొట్టిలో పోయడానికి. పైక్ చన్నీళ్ళ జీవి. నీళ్ళు వెచ్చబడితే ఊపిరందక తేలిపోతుంది. గదిలో తెల్లంగీ తొడుక్కుంటున్న ఎఫ్రాయిముకు వినపడేలా రూబేను గోడతో అన్నాడు.

"పాపం, వేణ్ణీళ్ళు కావాలిగా. నాగలి పబ్బులో చెప్పుకోడానికి బావుంటుంది."

లోపలనుంచి ఎఫ్రాయిము గొంతు లేచింది. "మార్తా, ఆ కాగులు బయట పారబొయ్యి. నేనేమన్నా కోడిపిల్లననుకున్నావా, ఈకలు పీకడానికి?"

వేణ్ణీళ్ళు గట్టు మీద పొగలు కక్కాయి. పలకలు తీశారు. పాస్టరు పెల్ గారు అంగీ కింద రబ్బరు బూట్లతో ముందు దిగారు. వెనక ఎఫ్రాయిము, నీళ్ళలో తేలకుండా అంచుల్లో సీసపు గుండ్లు కుట్టిన తెల్లంగీతో. నీళ్ళు నడుము దాటాయి. పాస్టరు గారు వాక్యం చదువుతుండగా ఎఫ్రాయిము ముఖం మారిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మొదటి వరుసలో మార్త వెక్కివెక్కి ఏడ్చింది, పరిశుద్ధాత్మ దిగిందని. దిగింది కాదు, పిక్కలకు రాసుకుంటూ పోయింది. యాభై ఏళ్ళుగా పైక్ పట్టినవాడికి ఆ జిగురు తగిలితే తెలియదా.

తలెత్తి చూస్తే తువ్వాలు పట్టుకుని మెట్టు దగ్గర నిలబడ్డ రూబేను కనిపించాడు. అంతే, మొత్తం అర్థమైంది. అరుద్దామంటే పాస్టరు చెయ్యి నెత్తిన ఉంది. తేలు కుట్టిన దొంగలా ఎఫ్రాయిము నోరు మూసుకుని మునిగాడు. లేచాక కూడా వెంటనే బయటికి రాలేదు. కాళ్ళతో తడుముతూ తొట్టిలో ఒక చుట్టు తిరిగాడు. ఇంత మనస్ఫూర్తిగా బాప్తిస్మం తీసుకున్న మనిషిని తాను చూడలేదని పాస్టరు గారు తర్వాత చెప్పారు.

రూబేను తువ్వాలు కప్పాడు.

"ఎన్ని పౌన్లురా?" ఎఫ్రాయిము పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

"తూచలేదు."

"దొంగముండాకొడకా. ఇవాళ ఆదివారం కాబట్టి బతికిపోయావు. నేను ముట్టుకోకూడదు, నువ్వూ ముట్టుకోకూడదు. రేపు తెల్లారగానే కొక్కెం తెస్తా. గుమ్మానికి తగిలిస్తా. చూస్తూ ఉండు."

చెప్పింది నిజమే. థోర్న్‌లోడ్‌లో విశ్రాంతి దినాన జారిన సాక్సు పైకి లాక్కోవడానికి కూడా పెద్దల వంక చూస్తారు. రూబేను ఆ మధ్యాహ్నమంతా ఖాళీ బల్ల మీద కూర్చుని తొట్టికేసి చూశాడు. ఎత్తుకుపోవడానికి వీల్లేదు. ఎఫ్రాయిము కొక్కేనికి ఎదురు నిలవడానికి ఒంట్లో సత్తువ లేదు. మిగిలింది నోరొక్కటే. అది వాడి చాలాకాలమైంది.

సాయంత్రం సాక్ష్యాల కూటం. బాప్తిస్మం అయిన రోజు ఎవరైనా లేచి రెండు మాటలు చెప్పొచ్చు. రూబేను లేచాడు. పాస్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కాపలాదారు ఆ మందిరంలో నోరు విప్పడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

"సహోదరుడు ఎఫ్రాయిము పొద్దున నీళ్ళలో నాతో ఒక మాటన్నాడు," అన్నాడు రూబేను. "ఆ నీళ్ళలో ఒక పైక్ ఉంది. పెద్దది. అతనితోబాటు మునిగింది, అతనితోబాటు లేచింది. ఇక దాన్ని ఎలా చంపుతాను రూబేనూ, అన్నాడు. కొక్కెం కర్ర మానేస్తానన్నాడు. రేపు తెల్లారి తన చేతులతోనే కాలువలో వదులుతాడట. మీరంతా వచ్చి చూడాలని అతని కోరిక. నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడని నేను చెబుతున్నా."

కూర్చున్నాడు. అది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం అని తనకు తాను సర్దుకున్నాడు.

పాస్టరు గారు పొద్దున తాను నిలబడిన చోటును తలుచుకుని కుర్చీ పట్టుకున్నారు. చేప ఎలా వచ్చిందని పెద్దలు అడిగితే రూబేను పంపు వైపు చూశాడు. అంత సన్నని గొట్టంలోంచి అంత చేప ఎలా వస్తుందని ఒకరంటే, యోనాను మింగిన చేపను పంపిన దేవుడికి గొట్టమొక లెక్కా అని ఇంకొకరన్నారు. ఆమెన్‌లు మోగాయి. మార్త మొగుడి మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తోంది. ఎఫ్రాయిము మింగలేక కక్కలేక, భార్య భుజం మీదుగా రూబేను వంక చూశాడు. కాదంటే ముప్ఫై ఏళ్ళ పోరు తర్వాత ఆమెకు దొరికిన సంతోషం ఆ నేల మీదే పగులుతుంది. అతను పందెపు మనిషే గాని రాయి కాదు. ఆమెన్, అన్నాడు.

సోమవారం పొద్దున మంచు ఇంకా తెల్లగా ఉండగానే ఊరంతా మందిరానికి వచ్చింది. రెండు గట్లవాళ్ళూ వచ్చారు. కొక్కెం కర్ర రాత్రే తన పొయ్యిలోకి పోయిందని మార్త అందరికీ చెబుతోంది. రూబేను తడి గోనె, రేకు తొట్టె సిద్ధం చేశాడు. ఇక తొట్టిలోకి దిగి చేపను ఎత్తాలి. అందరూ ఎఫ్రాయిము వంక చూశారు.

ఎఫ్రాయిము టోపీ తీశాడు. ముఖం పాలు తాగిన పిల్లిలా ఉంది.

"పాస్టరు గారూ, నేను నిన్ననే మునిగాను. సహోదరుడు రూబేను రాత్రి నాతో ఒక మాటన్నాడు. ఇన్నేళ్ళు అందరికీ నీళ్ళు తోడాను గాని నేనే మునగలేదు, ఈ చేపతోబాటు నాక్కూడా ఆ భాగ్యం కావాలన్నాడు. నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడని నేను చెబుతున్నా."

నిజంగానే రూబేను ఎన్నడూ మునగలేదు. అది ఊళ్ళో అందరికీ తెలుసు, మర్యాదకు ఎవరూ ఎత్తరు. అతను ఎఫ్రాయిముకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మంచి గాలం పనికి ఇచ్చే మర్యాద ఉంది. తర్వాత బూట్లు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, చన్నీళ్ళలోకి దిగాడు. గోడ వెంబడి మెల్లగా తడిమి, పొట్ట కింద ఒక చెయ్యి, తోక మొదట్లో ఒక చెయ్యి వేసి, చేపను నీళ్ళ మట్టానికి తెచ్చాడు. మొప్ప మీద తెల్ల మచ్చ కనపడగానే దక్షిణపు గట్టువాళ్ళు గట్టిగా ఊపిరి పీల్చారు.

పాస్టరు గారు బూట్లు వేసుకోకుండానే దిగిపోయారు. "సహోదరుడా, నీవు విశ్వసిస్తున్నావా?"

చేప తోక బిగిసింది. రూబేనుకు రెండు చేతులూ ఖాళీ లేవు.

"విశ్వసిస్తున్నా. తొందరగా కానివ్వండి, ఇది ఎక్కువసేపు ఆగదు."

రూబేనూ, పాస్టరు గారూ, చేపా ముగ్గురూ కలిసి మునిగినంత పని అయింది. లేచాక నీళ్ళోడుతూ చేపను గోనెలో చుట్టి, రేకు తొట్టెలో వేసి, రూబేను ఒక పక్క, ఎఫ్రాయిము ఒక పక్క పట్టుకుని గట్టు దిగారు. అంచున మోకాలి లోతు నీళ్ళలో రూబేను గోనె విప్పి, ఎఫ్రాయిము చేతులు లాగి చేప కింద పెట్టాడు.

"గోళ్ళు తగలనివ్వకు. తల పారుదలకు ఎదురుగా పెట్టు. లాగకు. అదే పోతుంది."

ఎఫ్రాయిము పట్టుకుని నిలబడ్డాడు. మొప్పలు ఒకసారి తెరుచుకున్నాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. అంత పెద్ద మనిషీ ఊపిరి బిగబట్టాడు. ఉన్నట్టుండి చేప ఒక్క తోక విసిరి అతని ముఖం నిండా కాలువ నీళ్ళు కొట్టి, రెల్లు వైపు వెళ్ళిపోయింది.

గట్టు మీద పాట ఎత్తుకున్నారు. రూబేను పాడలేదు. తోపుడు బండి తోసుకుంటూ మందిరానికి తిరిగి వచ్చి, పొడి ప్యాంటు వేసుకుని, పంపు దగ్గర నిలబడి తొట్టిలోని నీళ్ళు తిరిగి కాలువలోకి తోడడం మొదలుపెట్టాడు.