ఇంట్లోకి సరిపడా గొంతు

ఆ ఇంట్లో పొద్దున్నే రెండు పొయ్యిలు వెలుగుతాయి. ఒకటి పెద్దకోడలిది, ఇంకొకటి చిన్నకోడలిది. ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది నడిమి గదిలోని పాత కంప్యూటరొక్కటే. దాంట్లో సీడీలు రాసే డిస్క్ రైటర్ మీట నొక్కితే ట్రే బయటికొచ్చి, ఎవరో పోగొట్టుకున్న వస్తువుని తెచ్చిపెడుతుంది. చెవిదుద్దు మర, బీరువా తాళంచెవి, ఓసారి మామగారి కట్టుడు పన్ను. పక్కింటివాళ్లు కూడా "ఒక్కసారి ఆ ట్రే తెరవమ్మా, మా కళ్లజోడు కనబడట్లేదు" అంటూ వచ్చి పట్టుకుపోతారు. దాంతో డిస్కు రాయాల్సిన అవసరం మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఇప్పుడొచ్చింది. పెద్దకోడలు బస్టాండులో అనౌన్సర్. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరంతా ఆవిడ నోటే విన్నది. మెడకి ఆపరేషనయ్యాక ఆ గొంతు పోయింది, గుసగుస కూడా మిగల్లేదు. ఆవిడ అనౌన్స్‌మెంట్ల పాత రికార్డింగులన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. బస్టాండు మేనేజరు చిన్నకోడలికి ఫోన్ చేసి తేల్చిచెప్పాడు.

"మాది పాతకాలం మైకు పెట్టెమ్మా, డిస్కు వేస్తేనే పలుకుతుంది. సాయంత్రంలోగా తెస్తే మీ అక్కగారి ఉద్యోగం ఆవిడకే. మీట నొక్కుతూ కూర్చోవచ్చు. లేదంటే రేపు కొత్తావిడ చేరుతుంది."

చిన్నకోడలు పనిచేసేది కంప్యూటర్లు బాగుచేసే షాపులో. తోడికోడలితో మాటల్లేక ఏడాది దాటింది. అంతా ఒక్క మాట మీదే. "అక్కా, ఇది ఇల్లు, బస్టాండు కాదు. కాస్త మెల్లగా మాట్లాడు" అంది, అదీ చుట్టాలందరి ముందూ. ఆ పూటే పొయ్యిలు వేరయ్యాయి. ఆ తర్వాత అక్క గొంతే పోయింది. తన నోటిదురుసే తగిలిందేమోనని చిన్నకోడలు లోలోపల కుమిలిపోతోంది.

స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చుంది. తెర మీద రైటర్ ఊసే లేదు. రైటర్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేసింది. కేబుల్ మార్చింది. కంప్యూటర్ వేయగానే మొదట్లో వచ్చే నీలం తెర తెరిచి చూస్తే అక్కడా హార్డ్ డిస్క్ పేరొక్కటే ఉంది. ట్రే మాత్రం దర్జాగా బయటికొచ్చి ఎవరిదో చొక్కా గుండీ చూపించింది.

"కరెంటు అందుతోంది, కబురే అందట్లేదు" అని గొణుక్కుంది. గుమ్మంలో పెద్దకోడలు నిలబడి చూస్తోంది.

చివరికి రైటర్‌ని బయటికి లాగి వెనక చూసింది. అదీ హార్డ్ డిస్కూ ఒకే కేబుల్ మీద ఉన్నాయి. అలా ఉన్నప్పుడు ఏది మొదటిదో ఏది రెండోదో, వెనక గోరంత ప్లాస్టిక్ టోపీ పెట్టి చెప్పాలి. ఇక్కడ రెండింటికీ టోపీ మొదటి స్థానంలోనే ఉంది. ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయి?

చిన్నకోడలికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

"చూడక్కా, రెండూ నేనే పెద్దంటున్నాయి. ఎవరో ఒకరు తగ్గాలి కదా. ఆ రోజు నేనే తగ్గాల్సింది."

పెద్దకోడలు లోపలికెళ్లి, కనుబొమలు దిద్దుకునే పట్టకారు తెచ్చి చేతిలో పెట్టింది. దాంతో పట్టి లాగితే రైటర్ టోపీ ఊడొచ్చింది. చిన్నకోడలు దాన్ని రెండో స్థానానికి మార్చి, అన్నీ బిగించి, కంప్యూటర్ వేసింది. ఈసారి తెర మీద రెండు పేర్లూ వచ్చాయి.

ఖాళీ డిస్కు పెడదామని ట్రే తెరిచింది. ట్రేలో గొంతు ఉంది. దోసిట్లో పట్టేంత, వేడిపాల మీది ఆవిరిలా కాస్త కదులుతూ ఉంది.

"నీదే అక్కా. చల్లారకముందే తీసుకో."

పెద్దకోడలు దోసిలి పట్టి, చుక్క ఒలక్కుండా తాగింది. తర్వాత డిస్కు పెట్టారు. రైటర్ గుర్రుమంటూ రాసింది. పొద్దుగుంకకముందే చిన్నకోడలు స్కూటర్ మీద దాన్ని బస్టాండుకి చేర్చింది. పెట్టెలో వేయగానే ఆ పాత గొంతు పైకప్పు అదిరేలా మోగింది. జనం సంచులందుకుని ఆయా బస్సుల వైపు కదిలారు. మేనేజరు తలూపి, "రేప్పొద్దున్నే రమ్మనండి" అన్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్తే తన పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలన్నీ అక్క పొయ్యి దగ్గరున్నాయి. పెద్దకోడలు దగ్గరికొచ్చి ఏదో అంది. తిరిగొచ్చిన గొంతు వీధి గుమ్మందాకా కూడా పోదు, ఇంట్లోకి సరిపడా మాత్రమే ఉంది.

"చెల్లీ, రేపట్నించి పొయ్యి ఒకటే. ఇప్పుడు మెల్లగానే మాట్లాడుతున్నానా?"

చిన్నకోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వినబడలేదక్కా. కాస్త గట్టిగా చెప్పు."